చిన్న కొట్టుకి సైబర్ జాగ్రత్తలు: ముందు ఓటీపీ ఎవరి ఫోనుకి వస్తోందో చూడండి

మా బాబాయికి నరసరావుపేటలో మోటార్లు, పైపుల కొట్టు ఉంది. పోయినేడాది కోయంబత్తూరు కంపెనీ నుంచి వచ్చినట్టే ఒక మెయిల్ వచ్చింది. అదే లెటర్‌హెడ్, అదే జీఎస్టీ నంబరు, బిల్లులో మోటార్ల లెక్క కూడా కరెక్టే, బ్యాంకు అకౌంటు నంబరొక్కటే కొత్తది. "పాత అకౌంటు ఆడిట్‌లో ఉంది, దీనికి వేయండి" అని కింద ఒక ముక్క. బాబాయి భోజనానికి లేస్తూ లేస్తూ రెండు లక్షల చిల్లర పంపేశాడు. నాలుగో రోజు అసలు కంపెనీ వాళ్లు డబ్బులెప్పుడు వేస్తారని ఫోన్ చేస్తే అప్పుడు తెలిసింది. మెయిల్ ఐడీలో ఒక్క అక్షరం తేడా.

"యాంటీవైరస్ ఉంది కదరా మరి?" అన్నాడు నాతో.

"ఉంది బాబాయ్, కానీ దొంగ లోపలికి రాలేదు, నువ్వే వెళ్లి ఇచ్చొచ్చావు" అన్నాను. ఆయనకి కోపం వచ్చింది గానీ, ఆ వారమంతా ఇద్దరం కూర్చుని కొట్టు మొత్తం సర్దాం. ఏమేం చేశామో రాస్తున్నాను, మీకూ పనికొస్తుంది.

అకౌంటు నంబరు మారిందని ఎవరు చెప్పినా సరే, పాత బిల్లు తీసి దాని మీదున్న నంబరుకి ఫోన్ చేసి అడగండి. ఆ మెయిల్‌లో ఇచ్చిన నంబరుకి చేస్తే ఎత్తేది కూడా దొంగే. పంపే ముందు పేరు చూసుకోండి, 2025 ఏప్రిల్ నుంచి నెఫ్ట్, ఆర్టీజీఎస్‌కి కూడా ఖాతాదారు పేరు చూపించే ఏర్పాటు చేయాలని రిజర్వు బ్యాంకు బ్యాంకులకి చెప్పింది. మా దగ్గర యాభై వేలు దాటితే బాబాయి, పిన్ని ఇద్దరూ చూశాకే వెళ్తుంది.

తర్వాత ఒక తెల్లకాగితం తీసుకుని బ్యాంకు కరెంటు అకౌంటు, జీఎస్టీ, మెయిల్, వాట్సాప్, ఒక్కోదానికి ఓటీపీ ఏ ఫోనుకి వస్తుందో రాయండి. మాకు ఇక్కడే కళ్లు తిరిగాయి. జీఎస్టీకి ట్యాక్స్ కన్సల్టెంట్ నంబరు, మెయిల్‌కి రెండేళ్ల కిందట మానేసిన గుమస్తా నంబరు! కొట్టు వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ తెరిస్తే ఎవరిదో తెలియని కంప్యూటర్ ఒకటి ఇంకా కనెక్టయ్యే ఉంది. అన్నీ మన నంబరుకి మార్చుకోండి (జీఎస్టీ పోర్టల్‌లో నాన్‌కోర్ అమెండ్‌మెంట్, అంటే చిన్న వివరాల సవరణ కింద మార్చుకోవచ్చు, కన్సల్టెంటుని అడగడానికి మొహమాటం అక్కర్లేదు), వాట్సాప్‌కి, మెయిల్‌కి టూ స్టెప్ వెరిఫికేషన్, అంటే రెండో తాళం, పెట్టండి. మనిషి మానేసిన రోజే తాళం చెవులతో పాటు పాస్‌వర్డులూ మార్చాలి.

ఇక టాలీ, అంటే కొట్టు లెక్కలు రాసుకునే సాఫ్ట్‌వేర్. మా బ్యాకప్ పెన్‌డ్రైవు సీపీయూ వెనకాల గుచ్చింది గుచ్చినట్టే ఉండేది, మీద వేలెడు దుమ్ము. ఫైళ్లకి తాళం వేసి డబ్బులడిగే వైరస్ వస్తే గుచ్చి ఉన్న పెన్‌డ్రైవునీ వదలదు, అప్పుడా బ్యాకప్ ఉన్నా లేనట్టే. ఇప్పుడు రెండు పెన్‌డ్రైవులు కొని ఎరుపు, నీలం టేపు వేశాం. రోజూ షట్టరు దించే ముందు ఒకదానిలో బ్యాకప్ తీసి పీకేసి ఇంటికి, మర్నాడు రెండోది. నెలకోసారి ఇంట్లో లాప్‌టాప్‌లో రిస్టోర్ చేసి నిన్నటి బిల్లు కనిపిస్తుందో లేదో చూస్తాం. మొదటిసారి చూసినప్పుడు నీలం దానిలో ఫైలే తెరుచుకోలేదు, అందుకే చెప్తున్నా.

అప్‌డేట్ వస్తే "తర్వాత" అని నొక్కే అలవాటు మానండి. 2017 మేలో వాన్నాక్రై అనే అలాంటి తాళం వేసే వైరస్ వచ్చి మన ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లనే పట్టుకుంది, దానికి మందు, అంటే దాన్ని ఆపే అప్‌డేట్, మైక్రోసాఫ్ట్ ఆ మార్చిలోనే ఇచ్చేసింది. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో అయిపోయింది, ఇంకా అదే వాడుతుంటే ఆ కంప్యూటర్‌లో బ్యాంకు పని పెట్టుకోకండి. సర్వీసు కుర్రాడు ఎనీడెస్క్ (దూరం నుంచే మన కంప్యూటర్ నడిపే సాఫ్ట్‌వేర్) పెట్టి పని చేసి వెళ్తే, పనయ్యాక తీసేయండి.

కౌంటర్ దగ్గర పెద్దగా చెప్పేదేం లేదు. కస్టమర్ చూపించే స్క్రీన్‌షాట్ నమ్మొద్దు, సౌండ్‌బాక్స్ పలకాలి లేదా మన ఫోన్‌లో జమ కనిపించాలి. పొద్దున్నే క్యూఆర్ మీద ఎవరైనా వేరే స్టిక్కర్ అంటించారేమో ఒకసారి గోకి చూడండి. క్యూఆర్‌కి వేరే అకౌంటు ఉంచండి, ఎందుకంటే ఎవడో మోసం చేసిన డబ్బుతో మన దగ్గర పైపులు కొంటే కేసులో మన అకౌంటు కూడా ఆగిపోవచ్చు, అందులోనే జీతాల డబ్బులుంటే ఇక టెన్షనే.

వాట్సాప్‌లో పెళ్లి పత్రికనో చలానానో చెప్పి ఏపీకే ఫైలు (నొక్కితే ఫోన్‌లో యాప్ ఎక్కించేది) వస్తే ముట్టుకోవద్దు, మీ బావమరిది పంపినా సరే, అతని ఫోను అప్పటికే హ్యాక్ అయి ఉంటుంది. అది మన మెసేజీలు చదివి ఓటీపీలు దొంగలకి పంపించేస్తుంది. పొరపాటున నొక్కితే వెంటనే ఫ్లైట్ మోడ్ పెట్టి, ఇంకో ఫోన్ నుంచి బ్యాంకుకి చెప్పి, తర్వాత ఫోన్ రీసెట్ కొట్టండి.

డబ్బు పోతే పరువు గురించి ఆలోచిస్తూ కూర్చోకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. డబ్బు ఒక అకౌంటు నుంచి ఇంకోదానికి గంటల్లో పరుగెత్తుతుంది, ఎంత త్వరగా చెప్తే మధ్యలో ఆగే అవకాశం అంత ఎక్కువ. మేం నాలుగు రోజులు ఆలస్యం, దొరికింది కొంచెమే. ఎంత పోయింది, ఎన్ని గంటలకి, యూటీఆర్ నంబరు (ఆ పంపకానికి బ్యాంకు ఇచ్చే నంబరు) ఎంత అని అడుగుతారు, అవి దగ్గర పెట్టుకోండి. ఆ తర్వాత "పోయిన డబ్బు తెప్పిస్తాం, ముందు ఫీజు కట్టండి" అని ఫోన్లొస్తాయి. బాబాయికి మూడొచ్చాయి, మూడోవాడితో అరగంట మాట్లాడి మోటారు అమ్మబోయాడు.