మావెన్ బిల్డ్ నుంచి ఎస్‌సీపీ అప్‌లోడ్: అదనపు జార్లు ఎక్కడ పెట్టాలి

జావా ప్రాజెక్టులను బిల్డ్ చేసే టూల్ మావెన్. బిల్డ్ అయ్యాక తయారైన వార్ ఫైలును (వెబ్ అప్లికేషన్ ప్యాకేజీని) సర్వర్‌కు ఎక్కించడానికి, యాంట్ అనే మరో బిల్డ్ టూల్ టాస్కులను మావెన్‌లో నడిపే యాంట్‌రన్ ప్లగిన్‌లో ఎస్‌సీపీ టాస్కు (ఫైళ్లను సర్వర్‌కు కాపీ చేసేది) రాస్తాం. నడిపితే "ఫెయిల్డ్ టు క్రియేట్ టాస్క్ ఆర్ టైప్ ఎస్‌సీపీ" అని ఆగిపోతుంది. టాస్కు రాయడంలో తప్పేమీ ఉండదు. ఎస్‌సీపీ అనేది యాంట్‌లో ఆప్షనల్ టాస్కు, దాని జార్లు (జావా లైబ్రరీ ఫైళ్లు) యాంట్‌రన్ వెంట రావు.

కావాల్సినవి రెండు జార్లు. టాస్కు క్లాసు ఉండేది యాంట్-జేఎస్‌సీహెచ్‌లో. సర్వర్‌తో ఎస్‌ఎస్‌హెచ్‌లో (భద్రంగా కనెక్ట్ అయ్యే పద్ధతిలో) మాట్లాడేది జేఎస్‌సీహెచ్. మావెన్‌లో మొదటిదాన్ని రాస్తే రెండోది దాని వెనకే వచ్చేస్తుంది.

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే: ఈ జార్‌ను పామ్ ఫైలులో (మావెన్ సెట్టింగుల ఫైలులో) ప్రాజెక్టు డిపెండెన్సీల్లో, అంటే ప్రాజెక్టుకు కావాల్సిన లైబ్రరీల జాబితాలో పెడతారు. అవి మన కోడు కోసం. ప్రతి ప్లగిన్‌కూ క్లాస్‌లోడర్ (క్లాసులను వెతికి లోడ్ చేసే భాగం) వేరు, కాబట్టి యాంట్‌రన్‌కు ఆ జార్ కనిపించదు. పైగా అది వార్‌లోని లిబ్ ఫోల్డర్‌లోకి చేరి, అవసరం లేకపోయినా ప్రొడక్షన్‌కు వెళ్తుంది.

యాంట్‌రన్ ప్లగిన్ ట్యాగ్‌లోపలే, ఎగ్జిక్యూషన్స్ ట్యాగ్ ముగిశాక, దాని పక్కనే డిపెండెన్సీస్ ట్యాగ్ తెరవండి. గ్రూప్ ఐడీ ఓఆర్‌జీ డాట్ అపాచీ డాట్ యాంట్, ఆర్టిఫాక్ట్ ఐడీ యాంట్-జేఎస్‌సీహెచ్. ఎగ్జిక్యూషన్ లోపల పెడితే "అన్‌రికగ్నైజ్డ్ ట్యాగ్" అంటుంది. వెర్షన్ మాత్రం ఊహించి రాయకండి. క్యాపిటల్ ఎక్స్ ఆప్షన్‌తో మావెన్ నడిపితే యాంట్‌రన్ ఏ యాంట్ వెర్షన్‌ను లోడ్ చేస్తోందో లాగ్‌లో కనిపిస్తుంది. అదే అంకె ఇవ్వండి. పాత ఉదాహరణలు చూసి రాసేవాళ్లకు ఇంకో మాట: యాంట్‌రన్ 3.0.0 నుంచి టాస్క్స్ ట్యాగ్ లేదు, టార్గెట్ ట్యాగ్ వాడాలి.

ఎగ్జిక్యూషన్‌కు ఫేజ్ (బిల్డ్‌లో ఏ దశలో నడవాలన్నది) డిప్లాయ్ పెట్టండి. టెస్టులు ఫెయిలైతే బిల్డ్ అక్కడిదాకా రాదు కాబట్టి చెడిపోయిన ఫైలు సర్వర్‌కు ఎక్కదు. అయితే ఆ ఫేజ్‌లో మావెన్ సొంత డిప్లాయ్ ప్లగిన్ కూడా నడుస్తుంది, డిస్ట్రిబ్యూషన్ మేనేజ్‌మెంట్ వివరాలు (ఏ రిపాజిటరీకి పంపాలన్నది) లేకపోతే మొరాయిస్తుంది. రిపాజిటరీ అవసరం లేనివాళ్లు మావెన్ డాట్ డిప్లాయ్ డాట్ స్కిప్ ప్రాపర్టీకి ట్రూ ఇస్తే సరి.

జార్ దొరికాక కూడా లాగిన్ దగ్గర "ఆథ్ ఫెయిల్" రావచ్చు. అసలు జేఎస్‌సీహెచ్ 2018లో 0.1.55 దగ్గర ఆగిపోయింది, ఆర్‌ఎస్‌ఏ కీలతో లాగిన్ అయ్యేటప్పుడు దానికి పాత ఆర్‌ఎస్‌ఏ-షా-1 సంతకమే తెలుసు. సర్వర్లలో ఎక్కువగా ఉండే ఎస్‌ఎస్‌హెచ్ సాఫ్ట్‌వేర్ ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్, 2021లో వచ్చిన 8.8 వెర్షన్‌లో ఆ సంతకాన్ని డీఫాల్ట్‌గా ఆపేసింది. కీ సరైనదే అయినా సర్వర్ ఒప్పుకోదు. సర్వర్‌లో పాత సంతకాన్ని మళ్లీ తెరవడం కంటే లైబ్రరీ మార్చడమే మేలు: యాంట్-జేఎస్‌సీహెచ్ డిపెండెన్సీలో పాత జేఎస్‌సీహెచ్‌ను ఎక్స్‌క్లూడ్ చేసి, గ్రూప్ ఐడీ కామ్ డాట్ గిట్‌హబ్ డాట్ ఎండబ్ల్యూఐఈడీఈ కింద ఉన్న జేఎస్‌సీహెచ్‌ను చేర్చండి. ప్యాకేజీ పేర్లు అవే కాబట్టి టాస్కులో ఏమీ మార్చక్కర్లేదు.

"ఇన్‌వాలిడ్ ప్రైవేట్ కీ" అంటే అది వేరే జబ్బు. 2018 నాటి ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 7.8 నుంచి కీలు తయారుచేసే కమాండ్ ఎస్‌ఎస్‌హెచ్-కీజెన్ డీఫాల్ట్‌గా కొత్త ఫార్మాట్‌లో కీ రాస్తుంది, పాత జేఎస్‌సీహెచ్ దాన్ని చదవలేదు. పైన చెప్పిన మార్పిడితో ఇదీ పోతుంది. లైబ్రరీ మార్చడం కుదరకపోతే ఎస్‌ఎస్‌హెచ్-కీజెన్‌కు చిన్న పీ, చిన్న ఎం, ఆ వెంటనే పెమ్ అనే ఆప్షన్లిచ్చి కీని పాత ఫార్మాట్‌కు మార్చుకోవచ్చు. ముందు కీకి ఒక కాపీ తీసిపెట్టుకోండి, ఆ కమాండ్ ఉన్న ఫైలునే తిరగరాస్తుంది.

మావెన్ లేకుండా నేరుగా యాంట్ వాడేవాళ్లు జేఎస్‌సీహెచ్ జార్‌ను తామే తెచ్చి, యాంట్ హోమ్‌లోని లిబ్ ఫోల్డర్‌లో గానీ, తమ హోమ్ డైరెక్టరీలోని డాట్ యాంట్ ఫోల్డర్‌లో ఉండే లిబ్‌లో గానీ పెట్టాలి. యాంట్‌ను డయాగ్నస్టిక్స్ ఆప్షన్‌తో నడిపితే ఏ టాస్కుకు ఏ జార్ లోటో చెప్పేస్తుంది. ఎఫ్‌టీపీ అయితే ఇదే పద్ధతిలో యాంట్-కామన్స్-నెట్, కామన్స్-నెట్ కావాలి.

మీ మెషిన్‌లో నడిచి, బిల్డ్‌లను తనంతట తానే నడిపే సర్వర్ అయిన జెంకిన్స్‌లో మాత్రం "రిజెక్ట్ హోస్ట్‌కీ" వస్తే, సాధారణంగా జెంకిన్స్ యూజర్ హోమ్‌లోని నోన్ హోస్ట్స్ ఫైలులో (నమ్మదగిన సర్వర్ల కీల జాబితాలో) ఆ సర్వర్ లేదని అర్థం. ట్రస్ట్ ఆట్రిబ్యూట్‌కు ట్రూ ఇస్తే ఎర్రర్ పోతుంది కానీ అవతల ఉన్నది ఏ సర్వరో చూసే పనే ఉండదు. ఎస్‌ఎస్‌హెచ్-కీస్కాన్‌తో సర్వర్ కీ తెచ్చి, సర్వర్ అడ్మిన్ ఇచ్చిన ఫింగర్‌ప్రింట్‌తో (ఆ కీకి ఉండే చిన్న గుర్తు) పోల్చి, ఆ యూజర్ ఫైలులో చేర్చండి.