రొయ్యల తూకం చీటీతో ఎంవీసీ: ఏ కోడ్ ఎక్కడ రాయాలి?

నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట వైపు రొయ్యలు కొనే ఒక వ్యాపారికి మూడేళ్ళ కిందట లారావెల్ అనే పీహెచ్‌పీ ఫ్రేమ్‌వర్క్‌లో ఒక వెబ్ అప్లికేషన్ రాసిచ్చాను. గుంట గట్టు మీద పట్టుబడి, అంటే రొయ్యలు పట్టి తూయడం, జరుగుతుండగానే గుమాస్తా తన ఫోన్‌లో రైతు పేరు, కౌంట్, కిలోలు కొడతాడు. బిల్లు పేజీ తయారవుతుంది, రైతుకు మెసేజ్ పోతుంది. రెండో నెలలో, ఆ వ్యాపారికే రొయ్యలు అమ్మిన మా పెదనాన్న ఫోన్ చేశాడు. "ఏందమ్మాయ్ ఇది, బిల్లులో ఒక లెక్క, ఫోన్లో ఒక లెక్క ఉండాది?"

కౌంట్ అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ సంఖ్య. ఆ రోజు 40 కౌంట్ 400 రూపాయలు, 50 కౌంట్ 350 రూపాయలు అనుకోండి. 43 కౌంట్ వస్తే, ఈ వ్యాపారి పద్ధతిలో కౌంట్‌కు 5 రూపాయల చొప్పున తగ్గించి కిలో 385 కట్టాలి. 1,250 కిలోలకు 4,81,250 రూపాయలు. బిల్లు పేజీలో అలాగే వచ్చింది. మెసేజ్ తయారుచేసే ఫైల్లో మాత్రం నేను మధ్య కౌంట్ల సంగతి మరిచి 50 కౌంట్ రేటే వేశాను. 4,37,500 అని పోయింది. తేడా 43,750 రూపాయలు. అప్పు తెచ్చి మేత వేసిన మనిషి ఆ మెసేజ్ చూసి ఎంత టెన్షన్ పడి ఉంటాడో నాకు తెలుసు.

ఎంవీసీ అంటే కోడ్‌ను మోడల్ (డేటా, నియమాలు), వ్యూ (కనిపించేది), కంట్రోలర్ (రెంటినీ కలిపేది) అని మూడుగా విడదీసే పద్ధతి. ఆ మూడు ఫోల్డర్లూ నా ప్రాజెక్టులో అప్పటికే ఉన్నాయి. లెక్కను మాత్రం వ్యూలలో రాశాను, అదీ ఒకటికి మించిన చోట్ల. అందుకే కొత్తగా నేర్చుకునేవాళ్ళకు నేను ఫోల్డర్లతో మొదలుపెట్టను. ముందు కాగితం తీసుకుని గుమాస్తా పక్కన కూర్చోమంటాను. ఆయన నోట వచ్చే మాటలు రాసుకోండి: రైతు, గుంట, పట్టుబడి, కౌంట్, ఆ రోజు రేటు, అడ్వాన్సు, కోత. వాటి పక్కనే ఆయన చెప్పే నియమాలు కూడా రాయండి. ఈ కాగితమే మీ మోడల్. స్క్రీన్ ఎలా ఉండాలో ఇప్పుడే ఆలోచించొద్దు.

మోడల్ అంటే డేటాబేస్ టేబుల్ అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. టేబుల్ అందులో ఒక భాగం మాత్రమే, వ్యాపారం నియమాలన్నీ కూడా మోడల్‌వే. పట్టుబడి అనే క్లాసులో "రేటు ఎంత" అనే ఫంక్షన్ ఒక్కటే ఉండాలి. కౌంట్ ఇస్తే దానికి పైనా కిందా ఉన్న రెండు రేట్లు వెతికి, మధ్య తేడా సర్ది, జవాబు చెప్పాలి. బిల్లైనా, మెసేజైనా, నెలాఖరు రిపోర్టైనా దాన్నే అడగాలి.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. రొయ్యల రేటు నిలకడగా ఉండేది కాదు. కాబట్టి ఒక్కో పట్టుబడికి రాసే తూకం చీటీ సేవ్ చేసేటప్పుడే అప్పటి రేటును ఆ చీటీ వరుసలోనే రాసి ఉంచండి. పాత చీటీ తెరిచినప్పుడు ఇవాళ్టి రేటుతో మళ్ళీ లెక్క కట్టారంటే రైతుకు ఇచ్చిన బిల్లు మారిపోతుంది. రెండోది, డబ్బును ఫ్లోట్‌లో (దశాంశాలను ఉజ్జాయింపుగా దాచే రకంలో) పెట్టొద్దు. ఫ్లోట్‌లో 0.1కి 0.2 కలిపితే సరిగ్గా 0.3 రాదు, చివర్లో చిన్న తోక మిగులుతుంది. డేటాబేస్‌లో డెసిమల్ వాడండి, లేదా పైసల్లోకి మార్చి పూర్ణ సంఖ్యగా దాచండి.

ఇంతవరకు బ్రౌజర్ తెరవలేదు, తెరవక్కర్లేదు కూడా. లారావెల్‌లో టింకర్ (కోడ్‌ను నేరుగా కొట్టి నడిపి చూసే కమాండ్ స్క్రీన్) తెరిచి 40, 43, 50 కౌంట్లు ఇచ్చి చూడండి. 400, 385, 350 రావాలి. తర్వాత రేటు పట్టికలో లేని 120 కౌంట్ ఇవ్వండి. అప్పుడేం చేయాలో నియమం లేకపోతే గుమాస్తాను అడిగి రండి, ఊహించి రాయొద్దు. ఈ పరీక్షలనే టెస్ట్ ఫైలుగా దాచుకుంటే రేపు ఎవరు కోడ్ మార్చినా తప్పు వెంటనే బయటపడుతుంది.

ఇక కంట్రోలర్. దీని పని తక్కువ, తక్కువగానే ఉండనివ్వండి. వచ్చిన రిక్వెస్టు తీసుకుంటుంది, కిలోల గడిలో అంకే ఉందా అని చూస్తుంది, మోడల్‌కు అప్పగిస్తుంది, ఏ వ్యూ చూపించాలో నిర్ణయిస్తుంది. "40 కంటే ఎక్కువైతే" లాంటి మాట కంట్రోలర్‌లో కనిపించిందంటే మోడల్ పని ఇక్కడికి జారినట్టే. అడ్వాన్సు కోత కూడా అంతే. చీటీ సేవ్ కావడం, అడ్వాన్సు తగ్గడం రెండూ జరగాలి, లేదా రెండూ జరగకూడదు. వాటిని మోడల్ వైపు ఒకే ఫంక్షన్‌లో, ఒకే ట్రాన్సాక్షన్‌లో కట్టేయండి.

కంట్రోలర్ తప్పకుండా చేయాల్సిన పని ఒకటుంది, అది నేను గట్టు మీద నిలబడి చూసి నేర్చుకున్నాను. సిగ్నల్ సరిగ్గా లేదు. గుమాస్తా సేవ్ నొక్కాడు, పేజీ తిరుగుతూనే ఉంది. తడి వేలితో రిఫ్రెష్ లాగాడు. తర్వాత చూస్తే అదే చీటీ రెండుసార్లు ఎక్కింది. పోస్ట్ రిక్వెస్టుకు, అంటే ఫారం నింపి పంపే రిక్వెస్టుకు, నేరుగా పేజీని జవాబుగా ఇస్తే రిఫ్రెష్ చేసినప్పుడు అదే ఫారం మళ్ళీ పోతుంది. సేవ్ కాగానే చీటీ చూపించే వేరే అడ్రసుకు రీడైరెక్ట్ చేయండి, అప్పుడు రిఫ్రెష్ చేసినా పేజీ మళ్ళీ తెరుచుకుంటుందంతే. జవాబు రాకముందే రెండోసారి నొక్కితే ఇది కూడా ఆపలేదు. అందుకని ప్రతి ఫారానికీ ఒక ప్రత్యేక నంబరు ఇచ్చి, అదే నంబరు రెండోసారి ఎక్కకుండా డేటాబేస్‌లో ఆ కాలమ్‌కు యూనిక్ పెట్టాను.

వ్యూ గురించి చెప్పాల్సింది కొంచెమే. మోడల్ ఇచ్చింది చూపించాలి, లెక్క కట్టకూడదు. 4,81,250 అని మన పద్ధతిలో కామాలు పెట్టడం వ్యూ పనే. లారావెల్‌లో వ్యూలు రాసే బ్లేడ్‌లో రెండేసి ఫ్లవర్ బ్రాకెట్ల మధ్య రాస్తే రైతు పేరు గడిలో ఎవరైనా స్క్రిప్టు కొట్టినా అది నడవదు, మామూలు అక్షరాలుగా కనిపిస్తుంది. ఆ రక్షణ తీసేసే ఇంకో రకం బ్రాకెట్లు వాడొద్దు. చీటీల జాబితాలో రైతు పేరు చూపించేటప్పుడు కూడా చూసుకోండి. 200 చీటీలకు వ్యూలో ఒక్కో పేరూ విడిగా అడిగితే డేటాబేస్‌కు 201 క్వెరీలు (ప్రశ్నలు) పోతాయి. కంట్రోలర్‌లోనే "విత్" పెట్టి రైతుల్ని ముందే తెచ్చుకుంటే రెండు క్వెరీలతో పని అయిపోతుంది.

ఈ ఎంవీసీ పద్ధతిని 1979లో జెరాక్స్ కంపెనీ పరిశోధన కేంద్రం పార్క్ (PARC)లో పనిచేస్తూ నార్వేకు చెందిన ట్రిగ్వే రీన్‌స్కౌగ్ రూపొందించాడు. అప్పటికి వెబ్ లేదు. అప్పుడు వాడిన స్మాల్‌టాక్ అనే ప్రోగ్రామింగ్ భాషలో మోడల్ మారితే ఆ కబురు అంది వ్యూ తనను తాను సరిచేసుకునేది. మన సర్వర్‌లో రిక్వెస్టు వస్తుంది, జవాబు పోతుంది, అక్కడితో ఆ పని ముగిసింది. పాత పాఠాల్లోని బొమ్మలు చూసి తికమక పడేది ఇక్కడే. జాంగో అనే పైథాన్ ఫ్రేమ్‌వర్క్‌కు వెళ్ళినవాళ్ళకు ఇంకో తికమక: అక్కడ వ్యూ అనేది దాదాపు మన కంట్రోలర్, టెంప్లేట్ అనేది మన వ్యూ. పేరు చూడకండి, అది చేసే పని చూడండి.

ఇప్పటికే నడుస్తున్న ప్రాజెక్టును చెరిపి మళ్ళీ రాయక్కర్లేదు. వ్యూ ఫైళ్ళన్నింటిలో గుణకారం గుర్తు కోసం వెతకండి. నాకు ఐదు చోట్ల దొరికింది. ఒక్కోదాన్నీ తీసి మోడల్ ఫంక్షన్‌ను పిలిచేలా మార్చాను, మార్చిన ప్రతిసారీ 43 కౌంట్ టెస్టు నడిపాను. రెండు సాయంత్రాలు పట్టింది. మొన్న వ్యాపారి కాటా దగ్గర చిన్న ప్రింటర్ పెట్టి చీటీ అక్కడే కావాలన్నాడు. ఒక కొత్త వ్యూ, కంట్రోలర్‌లో నాలుగు లైన్లు రాశాను. పట్టుబడి క్లాసు ఫైలు తెరవలేదు.