ఋగ్వేదం కూర్పు నేర్చుకుందాం – 3వ పాఠం: చివరన కూర్చున్న గాయత్రి

పోయినసారి ఇచ్చిన పని చేశారా? ఋగ్వేదంలోని పది భాగాలను మండలాలంటారు, ఒక్కో స్తోత్రాన్ని సూక్తం, అందులోని ఒక్కో మంత్రాన్ని ఋక్కు అంటారు. రెండో మండలం తెరిచి, మొదటి 22 సూక్తాల్లో ఒక్కోదానికి ఎన్ని ఋక్కులున్నాయో వరసగా రాయమన్నాను. అర్థం జోలికి పోవద్దనీ చెప్పాను. లెక్క తప్పకపోతే మీ కాగితం మీద ఈ అంకెలుండాలి:

16, 13, 11, 9, 8, 8, 6, 6, 6, 6, 21, 15, 13, 12, 10, 9, 9, 9, 9, 9, 6, 4

మెట్లు దిగుతున్నట్టు దిగి, పదకొండో సూక్తం దగ్గర ఒక్కసారిగా 6 నుంచి 21కి ఎగిరింది చూడండి. అక్కడొక గీత గీయండి. ఇప్పుడు పుస్తకంలో సూక్తం పైన ఉండే దేవత పేరు చూడండి. గీతకు ముందున్నవన్నీ అగ్నివి, తర్వాతవి ఇంద్రుడివి. 23వ సూక్తంలో మళ్లీ 19కి లేస్తుంది. అక్కడ బృహస్పతి మొదలు. ఒక్క సంస్కృత పదం చదవకుండానే దేవత ఎక్కడ మారాడో పట్టుకున్నారు!

రెండు నుంచి ఏడు దాకా ఉన్న ఆరు మండలాలూ ఒక్కో ఋషి వంశానివి. వరసగా గృత్సమదుడు, విశ్వామిత్రుడు, వామదేవుడు, అత్రి, భరద్వాజుడు, వసిష్ఠుడు. వీటన్నిటిలో పద్ధతి దాదాపు ఒక్కటే. ముందు అగ్ని, తర్వాత ఇంద్రుడు, ఆ తర్వాత మిగతా దేవతలు. ఒకే దేవత సూక్తాల్లో ఋక్కులు ఎక్కువున్నది ముందు, తక్కువున్నది వెనక. రెండింటికీ సమానంగా ఉంటే పెద్ద ఛందస్సుది ముందు వస్తుంది. పై వరసలో అయిదో సూక్తానికీ ఆరో సూక్తానికీ ఎనిమిదేసి ఋక్కులు. అయిదోది 32 అక్షరాల అనుష్టుప్పు, ఆరోది 24 అక్షరాల గాయత్రి. ఈ మూడో నియమం ప్రతిచోటా ఇంత శుభ్రంగా కుదరదు. ఏడు నుంచి పది వరకు చూస్తే మీకే తెలుస్తుంది.

1880లలో ఫ్రాన్స్‌లో అబెల్ బెర్గేన్, జర్మనీలో హెర్మన్ ఓల్డెన్‌బెర్గ్ అనే సంస్కృత పండితులు ఈ లెక్కలన్నీ పట్టి చూశారు. మంత్రాలు అపౌరుషేయం, అంటే మనుషులు రాసినవి కావు కదా, ఈ లెక్కలెందుకు అని కొందరు నొచ్చుకుంటారు. కానీ వేదాన్ని విభజించింది వ్యాసుడని చెప్పేది కూడా మన సంప్రదాయమే. మంత్రం సంగతి వేరు, కూర్పు సంగతి వేరు.

ఇక అసలు పాఠం. మనందరికీ తెలిసిన గాయత్రీ మంత్రం చిరునామా 3.62.10. అంటే మూడో మండలం, 62వ సూక్తం, పదో ఋక్కు. ఆ మండలంలో ఉన్నవే 62 సూక్తాలు. ఇంత గొప్ప మంత్రం చిట్టచివరి సూక్తంలో, అదీ మధ్యలో ఎందుకుంది? మొదటిసారి చూసినప్పుడు నాకు కాస్త చిన్నతనంగా కూడా అనిపించింది.

మన పద్ధతి ప్రకారం అంకెలు రాద్దాం. 59వ సూక్తం మిత్రుడిది, 9 ఋక్కులు. 60 ఋభువులది, 7. 61 ఉషస్సుది, 7. 62లో ఏకంగా 18! దిగాల్సిన చోట ఎక్కింది. దేవత మారాడేమో అని పైన చూస్తే అక్కడ ఒక పేరు కాదు, ఆరు ఉంటాయి. మొదటి మూడు ఋక్కులు ఇంద్రావరుణులవి, తర్వాత మూడు బృహస్పతివి, ఆపై మూడేసి చొప్పున పూషుడు, సవిత, సోముడు, చివరి మూడు మిత్రావరుణులవి.

అంటే ఇది ఒక సూక్తం కాదు, మూడేసి ఋక్కుల చిన్న సూక్తాలు ఆరు. మూడు ఋక్కుల గుత్తిని తృచం అంటారు. విడదీసి రాస్తే 9, 7, 7, తర్వాత 3, 3, 3, 3, 3, 3. వరస చక్కగా దిగింది. పైగా మొదటి తృచం 44 అక్షరాల త్రిష్టుప్పు, మిగతా అయిదూ గాయత్రి. పెద్ద ఛందస్సు ముందు అన్న నియమం కూడా ఇక్కడ నిలబడింది. గాయత్రీ మంత్రం చివరికి వచ్చింది విలువ తక్కువై కాదు, అది మూడు ఋక్కుల సవితృ తృచంలో మొదటిది కాబట్టి.

ఋషి, దేవత, ఛందస్సు మూడూ చెప్పుకోవడం మనకు కొత్తేమీ కాదు. సంధ్యావందనంలో "గాయత్రీ ఛందో విశ్వామిత్ర ఋషిః సవితా దేవతా" అంటాం. కాత్యాయనుడి సర్వానుక్రమణి, అంటే ఋగ్వేదానికి పాత కాలపు సూచిక, ప్రతి సూక్తానికీ ఇలాగే రాసిపెట్టింది. దేవత అంటే ఎవరో కూడా అందులోనే ఉంది: "యా తేనోచ్యతే సా దేవతా". మాట ఎవరి గురించో వారే దేవత. అందుకే 7.103కి దేవతలు కప్పలు! వానాకాలంలో బెకబెకమంటున్న కప్పలను వేదం చదివే శిష్యులతో పోల్చిన సూక్తం అది. వీలుంటే ఒకసారి పూర్తిగా చదవండి.

జాగ్రత్త, ఈ కొలబద్ద ఒకటి, ఎనిమిది, పది మండలాలకు ఉన్నదున్నట్టు పనికిరాదు. తొమ్మిదోది దాదాపు మొత్తం పవమాన సోముడిదే, అంటే వడకట్టబడుతున్న సోమరసానిదే. అక్కడ ఛందస్సును బట్టి పేర్చారు. దాని పని తర్వాత పడదాం.

ఈసారి పని: ఏడో మండలం చివరి నాలుగు సూక్తాల్లో ఋక్కుల లెక్క 6, 3, 10, 25. మొదటి రెండూ పర్జన్యుడివి, మూడోది కప్పలది. నాలుగోది రాక్షసులను చంపమని ఇంద్రాసోములను వేడుకునేది. వరస ఎక్కడ తప్పింది? ఆఖరి సూక్తాన్ని తృచాలుగా విడదీయడానికి వీలవుతుందా? 25ను మూడుతో భాగించి చూడండి, ఆపైన మీ అనుమానం ఒక్క వాక్యంలో రాసుకోండి. నాలుగో పాఠం అక్కడినుంచే మొదలుపెడదాం.