చైనాలో మా క్రీములకు పేరు కుదిరింది ఇలా

షాంఘైలో ఒక ఫ్రెంచ్ స్కిన్‌కేర్ కంపెనీలో పనిచేస్తున్నాను. ఇక్కడ చైనీస్ పేరు మనం పెట్టకపోతే కొనేవాళ్లే ఏదో ఒకటి పెట్టేసుకుంటారు, దాన్ని ఇంకెవరో రిజిస్టర్ చేసేసుకుంటారు, ఎందుకంటే ట్రేడ్‌మార్క్ ముందు దరఖాస్తు పెట్టినవాళ్లదే. పేర్లు సూచించే ఏజెన్సీ ఇచ్చిన వాటిలో అందరికీ నచ్చిన పేరు అప్పటికే వేరేవాళ్ల చేతిలో ఉంది. టెన్షన్ పడ్డాం.

అందుకే వరస మార్చాం: ముందు ట్రేడ్‌మార్క్ వెతికి, మిగిలినవే చర్చకు పెట్టాం. ట్రేడ్‌మార్క్ వర్గాల్లో కాస్మెటిక్స్ ఉండే క్లాస్ 3లో క్రీములు 0306 అనే ఉపవర్గం కింద, ఫేస్‌వాష్ 0301 కింద వస్తాయి, రెండూ చూసుకోవాల్సిందే. తర్వాత గ్వాంగ్‌జౌ షాపులో అమ్మే అమ్మాయిల చేత అక్కడి భాష కాంటనీస్‌లో పైకి చదివించాం. చైనా అధికార భాష మాండరిన్‌లో మెత్తగా ఉన్న ఒక పేరు అక్కడ గరుగ్గా వినిపించింది, తీసేశాం. ఫ్రెంచ్ కాస్మెటిక్స్ బ్రాండ్ లాన్‌కోమ్ చైనీస్ పేరు లాన్‌ఖౌలో ఆర్కిడ్ అక్షరం ఉన్నట్టే, మంచు బిందువు అక్షరంతో మాకూ ఓ చిన్న పేరు దొరికింది. దరఖాస్తులు పెట్టాకే లేబుళ్లు ప్రింటుకిచ్చాం.