వరద రాకముందే పంటుకు గీతలు పెట్టుకోండి

ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరి మొదటి ప్రమాద హెచ్చరిక వచ్చాక, జనాన్నీ బళ్ళనూ ఏరు దాటించే పంటు కొలతలు తీసుకుందామంటే కుదరదు. అప్పటికి గోదారి ఎర్రబడి ఉంటుంది. ఏటి నడుమ లంకల్లోంచి జనం, గొడ్లు, కొబ్బరికాయల బస్తాలు అన్నీ ఒకేసారి రేవుకొస్తాయి. అందుకే జూన్‌లో, నీళ్ళు నిమ్మళంగా ఉన్నప్పుడే, ఎంత బరువుకు మీ పంటు ఎంత దిగుతుందో తేల్చుకుని, ఎంతవరకు మునగనివ్వొచ్చో దాని పక్కన గీత గీసుకోండి.

లెక్క కష్టమేం కాదు. నీళ్ళు తాకే చోట పంటు పొడవు 15 మీటర్లు, వెడల్పు 6 మీటర్లు అనుకుందాం. వైశాల్యం 90 చదరపు మీటర్లు. అది ఒక సెంటీమీటరు దిగాలంటే 900 లీటర్ల నీళ్ళు పక్కకు తప్పుకోవాలి. మంచినీళ్ళలో అది 900 కిలోలు. అంటే మనిషికి 70 కిలోల చొప్పున 13 మంది ఎక్కితే ఒక సెంటీమీటరు. తొట్టితో సహా 6 టన్నులుండే ట్రాక్టరుకు దాదాపు 7 సెంటీమీటర్లు. రెండు పడవలు జతచేసి పైన బల్లలు పరిచిన పంటైతే మధ్య సందును లెక్కలో కలపకండి. బల్లలన్నీ కొలిచేసి, మోయలేని బరువును మోస్తుందనుకునేవాళ్ళను చూశాను.

కాగితం మీది లెక్కను బరువు పెట్టి సరిచూడండి. ముక్కు, వెనక సన్నబడే పంటు ఈ లెక్కకన్నా ఎక్కువ దిగుతుంది. 50 కిలోల సిమెంటు బస్తాలు 90 తెచ్చి సమంగా పేర్చండి, 4.5 టన్నులు. నాలుగు మూలలా పేర్చకముందూ పేర్చాకా కొలిచి, దిగిన తేడాకు సగటు తీయండి. 5 సెంటీమీటర్లు రావాలి, 6 వస్తే 6నే నమ్మండి.

ఇంతకన్నా ముఖ్యం, బరువు ఎక్కడ నిలబెట్టామన్నది. అదే ట్రాక్టరును నడిమధ్య కాకుండా 4 మీటర్లు ముందుకు, ఎక్కే తలుపు దగ్గర ఆపేశారనుకోండి. ఈ కొలతల పంటు ముందు భాగం మామూలు 7 కాకుండా ఇంకో 10 సెంటీమీటర్ల పైన దిగుతుంది. నీటిపైన 40 సెంటీమీటర్ల అంచు ఉందని ధీమాగా బయల్దేరితే, ముందు మిగిలేది 23. ఎదురొచ్చే లాంచీ అలకు అదెంత? అడ్డంగానైతే మరీ అన్యాయం. 40 మంది మధ్యలోంచి రెండు మీటర్లు ఒక పక్కకు జరిగితే ఆ అంచు కనీసం 6 సెంటీమీటర్లు దిగి, అవతలి అంచు అంతే లేస్తుంది. అందుకే గట్టు దగ్గరపడగానే లేచి నిలబడేవాళ్ళను నోటితో కాదు, మధ్యలో తాడు కట్టి ఆపాలి.

అడుగున చేరే నీళ్ళు కనిపించని సరుకు. లోపల ఒక సెంటీమీటరు నీరు నిలిస్తే పంటు బయట కూడా దాదాపు అంతే దిగుతుంది. పైగా ఆ నీరు వంగిన వైపుకే పరిగెడుతుంది. వానలో తడిసిన ఇసుక కూడా పొడి ఇసుకకన్నా బరువు. నిరుటి లెక్కతో ఈసారి ఎక్కించకండి.

నీటి ఉప్పు సంగతి పంటుకు పెద్దగా పట్టదు. ఎండాకాలంలో నరసాపురం దిగువన ఉప్పునీళ్ళలో గీసిన గీత వరద మంచినీళ్ళలో సెంటీమీటరో, ఒకటిన్నరో తేడా చూపిస్తుంది. కాకినాడ లంగరు రేవులో బార్జీల నుంచి బియ్యం ఎక్కించుకునే పెద్ద ఓడలకైతే అదే లెక్క పెద్దది. సముద్రపు నీరు లీటరుకు 1.025 కిలోలు కాబట్టి, 10 మీటర్లు మునిగి ఉన్న ఓడ మంచినీళ్ళలోకి పోతే ఇంకో పాతిక సెంటీమీటర్లు దిగుతుంది. అక్కడ అడుగు తగిలేదీ లేనిదీ ఆ పాతికే తేలుస్తుంది.

చివరగా గీతలు. నాలుగు మూలలా, చీకట్లోనూ కనిపించే తెల్ల రంగుతో వేయండి. మామూలు రోజులకు ఒకటి, వరద రోజులకు దానికి అరచెయ్యంత కిందగా ఇంకొకటి. అధికారులు రేవు ఆపమంటే ఏ గీతా పనికిరాదు, పంటు కట్టేయాలి. నడుస్తున్న రోజున ఏ మూల గీత మునిగినా, చివర ఎక్కినవాళ్ళను దించి, "ఇంకో ట్రిప్పులో తీసుకెళ్తాం, ఇక్కడే ఉండండి" అని చెప్పండి.