పెద్ద సంఖ్యల స్వభావం – 4వ పాఠం: నెల్లూరు పిన్‌కోడును విడదీయడం

గత పాఠంలో 3, 9, 11ల భాజనీయతా సూత్రాలు చూశాం కనుక, ఈసారి ఒక పెద్ద సంఖ్యను పూర్తిగా విడదీసి, దాని ప్రధాన కారణాంకాలను బట్టి అది ఏ కోవకు చెందుతుందో తేల్చుకుందాం. నెల్లూరు వాళ్లకు ఉత్తరాల మీద రాసి రాసి అలవాటైన 524001 ఇందుకు చక్కగా సరిపోతుంది. (పిన్‌కోడు విధానం 1972 ఆగస్టు 15న వచ్చింది, బట్వాడా సౌకర్యమే తప్ప అందులో గణితం ఉద్దేశమేమీ లేదు.)

దీని వర్గమూలం 723, 724ల మధ్య ఉంటుంది కాబట్టి, 723 దాకా ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితోనూ భాగించి చూడాలేమోనని మొదట బెరుకు పుడుతుంది. అంత పని పడదు. అంకెల మొత్తం 12 కనుక 3తో భాగిస్తే 174667 వస్తుంది. ఇకపై మన హద్దు ఈ భాగఫలపు వర్గమూలమే, అంటే 417. దీని అంకెల మొత్తం 31 కాబట్టి మరో 3 లేదు. చివరి అంకె 7 కాబట్టి 2, 5 కూడా లేవు.

7, 11, 13లను ఒక్క తీసివేతతో పరీక్షించవచ్చు. 7 × 11 × 13 = 1001 కనుక, సంఖ్యను మూడేసి అంకెలుగా విడగొట్టి 667 నుంచి 174 తీసివేస్తే వచ్చే 493నే ఆ మూడింటితో భాగించి చూస్తే చాలు. శేషాలు వరుసగా 3, 9, 12. అంటే మూడూ కారణాంకాలు కావు. అయితే 493 = 17 × 29 కదా అని 17 కూడా 174667ను భాగిస్తుందనుకుంటే పొరపాటే, ఎందుకంటే ఈ కిటుకు 1001 కారణాంకాలకే వర్తిస్తుంది. 17తో నేరుగా భాగిస్తే శేషం 9.

19తో భాగిస్తే శేషం లేకుండా 9193 వస్తుంది, హద్దు 95కు దిగుతుంది. మళ్లీ 19తోనూ, ఆపై 23తోనూ భాగిస్తే రెండుసార్లూ శేషం 16. 29తో భాగిస్తే సరిగ్గా 317. దీని హద్దు 17. అక్కడిదాకా అన్నీ ఇదివరకే పరీక్షించాం కాబట్టి, ఇంకేమీ చేయకుండానే 317 ప్రధాన సంఖ్య అని చెప్పేయవచ్చు.

524001 = 3 × 19 × 29 × 317.

ఏ కారణాంకమూ రెండుసార్లు రాలేదు కనుక ఇది వర్గరహిత సంఖ్య. ప్రతి ప్రధానాన్నీ తీసుకోవడమో వదిలేయడమో చేయవచ్చు కనుక మొత్తం కారణాంకాలు 16, వాటి మొత్తం 4 × 20 × 30 × 318 = 763200. అందులోంచి 524001 తీసేస్తే మిగిలే 239199 524001లో సగం కూడా లేదు కాబట్టి ఇది న్యూన సంఖ్య, అంటే తనను మినహాయించిన కారణాంకాల మొత్తం తనకంటే తక్కువగా ఉండే సంఖ్య.

అభ్యాసానికి ఒంగోలు పిన్‌కోడు 523001 తీసుకోండి. ఇది చూడడానికి పక్కసంఖ్యలాగే ఉన్నా అంత సులువుగా లొంగదు: 31 కంటే చిన్న ప్రధాన సంఖ్య ఏదీ భాగించదు, 31తో భాగిస్తే 16871 వస్తుంది, దాని హద్దు 129. 31 నుంచి 127 దాకా ఉన్న 21 ప్రధాన సంఖ్యలతో 16871ను పరీక్షించి, శేషాలన్నీ వరుసగా రాసి ఉంచుకోండి. 5వ పాఠం ఆ పట్టికతోనే మొదలవుతుంది.