సంతలో గీసిన బొమ్మలే ముందు పెట్టండి

పర్లాకిమిడి, రాయగడ, బరంపురం వైపు యానిమేషన్ చదవాలని ఆశపడే పిల్లలకు ఒక మాట. సినిమా పాత్రలను చూసి గీసిన బొమ్మలతో దరఖాస్తు నింపకండి. అమెరికాలోని కాల్‌ఆర్ట్స్ వంటి కళాశాలల్లో మనుషులను ఎదురుగా చూసి గీసిన చిత్రాలు, స్కెచ్‌బుక్ అడుగుతారు. మనకు వారపు సంత ఉంది కదా! గంప తలకెత్తుకునే అమ్మను, మొరాయించే మేకను లాగే పిల్లవాడిని అర నిమిషంలో గీయండి. ముఖం వదిలేయండి, బరువు ఏ కాలి మీద ఉందో పట్టుకోండి. మన సవరల గోడబొమ్మల్లో చాలావరకు కళ్లూ ముక్కూ ఉండవు. అయినా నాట్యమాడేది ఎవరో, బరువు మోసేది ఎవరో ఒంటి వాలుతోనే తెలిసిపోతుంది.

తర్వాత ఆ గంప ఎత్తడాన్నే కదిలించండి. సెకనుకు 24 ఫ్రేములు, అంటే తెరపై వరసగా వచ్చే 24 నిశ్చల చిత్రాలు. ఒక్కో బొమ్మను రెండు ఫ్రేములు నిలిపితే సెకనుకు 12 బొమ్మలు చాలు. బొమ్మలను కదిలించే బ్లెండర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. 2025లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ గెలిచిన ‘ఫ్లో’ దానితోనే తయారైంది.

ఇంటర్న్‌షిప్‌కు పంపే రీలు, అంటే మీ పనులు కూర్చిన వీడియో, నిమిషం దాటనివ్వకండి. అన్నిటికన్నా బాగున్నది మొదట రావాలి. జట్టుగా చేసినదైతే అందులో మీ పని ఏదో తప్పక రాయండి.